డిస్క్ స్ప్రింగ్ దగ్గర లీనియర్ ఎనాలిసిస్ ఎందుకు చేతులెత్తేస్తుంది

హైదరాబాద్, బెంగళూరుల్లో సీఏఈ (కంప్యూటర్లో మోడల్ కట్టి పార్ట్ బలం లెక్కేసే పని) జాబుల్లో కొత్తగా చేరిన మనవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న, ఆన్సిస్‌లో లార్జ్ డిఫ్లెక్షన్ ఎప్పుడు ఆన్ చేయాలండీ అని. ఆన్సిస్ అంటే ఆ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్, అందులో ఈ సెట్టింగ్ ఆఫ్ చేసి ఉంటే మొదటి ఆకారంతోనే లెక్కేస్తుంది (లీనియర్), ఆన్ చేస్తే ఆకారం మారేకొద్దీ లెక్క మారుస్తుంది (నాన్‌లీనియర్). అబాకస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు దాన్నే ఎన్‌ఎల్‌జియోమ్ అంటారు, పని ఒకటే. పార్ట్ బాగా వంగితే ఆన్ చేసుకో అని చెప్పి వదిలేస్తారు చాలామంది. ఆ జవాబు నాకు అస్సలు నచ్చదు, బాగా అంటే ఎంతో తెలియకుండా కుర్రాడు ఏం నిర్ణయం తీసుకుంటాడు చెప్పండి.

ముందు వంగడం సంగతి పక్కనపెట్టి తిరగడం చూడండి. ఒక స్టీల్ ముక్కని ఏ బలమూ పెట్టకుండా ఊరికే 10 డిగ్రీలు తిప్పాం అనుకోండి, నిజానికి అందులో స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) సున్నా. కానీ లీనియర్ లెక్కలో వాడే చిన్న స్ట్రెయిన్ (సాగిన నిష్పత్తి) ఫార్ములాకి తిరగడం అనేది సరిగ్గా అర్థం కాదు, కాస్ 10 నుంచి 1 తీసేస్తే వచ్చే మైనస్ 0.015ని అది స్ట్రెయిన్ అనుకుంటుంది, దాన్ని స్టీల్ యంగ్స్ మాడ్యులస్ (సాగడానికి ఎంత ఎదురిస్తుందో చెప్పే విలువ) 2 లక్షల మెగాపాస్కల్స్‌తో గుణిస్తే దాదాపు 3000 మెగాపాస్కల్స్! లేని స్ట్రెస్ అది. 1 డిగ్రీ తిప్పినా 30 మెగాపాస్కల్స్ వస్తుంది, ఫెటీగ్ (పదేపదే లోడ్ పడి పగుళ్ళు రావడం) చూసేవాళ్ళకి అది కూడా తక్కువేం కాదు. అందుకే నేనేమంటానంటే, పార్ట్ ఎంత సాగింది అని మాత్రమే కాదు, ఎంత తిరిగింది అని కూడా చూడాలి. సన్నటి రేకులు, పొడుగాటి చేతులు, స్ప్రింగులు, వీటిల్లో మెటీరియల్ సాగేది 1 శాతం కూడా ఉండదు, అయినా ఆకారం మొత్తం మారిపోతుంది.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ డిస్క్ స్ప్రింగ్, అదే బెల్‌విల్ వాషర్. కోన్ లాగా ఉండే ఆ వాషర్‌ని పైనుంచి నొక్కితే చదునైపోతుంది. దాని బిగువులో కొంత భాగం, కోన్ బాగా ఎత్తుగా ఉంటే చాలా భాగం, ఆ ఎత్తు వల్లే వస్తుంది, నొక్కేకొద్దీ ఆ ఎత్తే తగ్గిపోతుంటుంది కదా, అంటే స్ప్రింగ్ తన బలాన్ని తానే పోగొట్టుకుంటూ పోతుందన్నమాట. లీనియర్ సాల్వర్ ఏం చేస్తుందంటే మొదటి ఆకారం దగ్గర ఆ బిగువుని, అంటే స్టిఫ్‌నెస్ ఒక్కసారి లెక్కేసి చివరిదాకా దాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

1936లో ఆల్మెన్, లాస్లో ఇచ్చిన ఫార్ములా ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. కోన్ ఎత్తుని మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని హెచ్ అనుకుందాం. ఆ ఫార్ములాని కాగితం మీద కొంచెం సాగదీస్తే, పూర్తిగా చదును చేయడానికి కావాల్సిన బలాన్ని లీనియర్ లెక్క, హెచ్ స్క్వేర్ ప్లస్ 1 రెట్లు ఎక్కువ చూపిస్తుందని తేలుతుంది. డిస్క్ స్ప్రింగులకి జర్మనీ వాళ్ళ డిన్ 2093 (2017 నుంచి డిన్ ఈఎన్ 16983) స్టాండర్డ్‌లో ఎ సిరీస్‌కి హెచ్ సుమారు 0.4, అక్కడ తప్పు 16 శాతమే. బి సిరీస్ 0.75, ఒకటిన్నర రెట్లు దాటింది. సి సిరీస్ 1.3 దగ్గరికి వచ్చేసరికి దాదాపు 2.7 రెట్లు! ఇంత తేడాతో బోల్ట్ సైజో ప్రెస్ కెపాసిటీయో డిసైడ్ చేస్తే ఇంకేమన్నా ఉందా?

హెచ్ 1.41 దాటితే మాత్రం అసలు సంగతి మొదలవుతుంది, నొక్కుతుంటే ఒక చోట బలం పీక్‌కి వెళ్ళి, ఆ తర్వాత ఇంకా నొక్కినా బలం తగ్గుతుంది. 2.83 దాటితే బలం మైనస్‌లోకి వెళ్ళి స్ప్రింగ్ టక్కున అవతలివైపుకి తిరగబడి అలాగే ఉండిపోతుంది. కార్ క్లచ్‌లో ఉండే డయాఫ్రమ్ స్ప్రింగ్, పీక్ తర్వాత బలం తగ్గే ఆ మొదటి గుణాన్నే వాడుకుంటుంది, క్లచ్ ప్లేట్ అరిగినా పట్టు పెద్దగా పడిపోకపోవడానికి కారణం ఆ వంపు తిరిగిన కర్వే.

ఇక్కడే కొత్తవాళ్ళకి అబాకస్‌లో ఆ ఎర్రర్ మెసేజ్ వస్తుంది, టూ మెనీ అటెంప్ట్స్ మేడ్ ఫర్ దిస్ ఇంక్రిమెంట్ అని. నాన్‌లీనియర్ సాల్వర్ లోడ్‌ని ముక్కలు ముక్కలుగా పెంచుకుంటూ, ప్రతి ముక్క దగ్గర కొత్త ఆకారానికి స్టిఫ్‌నెస్ మళ్ళీ కట్టుకుంటూ న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో బ్యాలెన్స్ వెతుకుతుంది. పీక్ దగ్గర స్టిఫ్‌నెస్ సున్నా అయిపోతుంది, నువ్వేమో ఇంకా ఎక్కువ లోడ్ మొయ్యమంటున్నావు, ఆ పక్కన మొయ్యగలిగే ఆకారమే లేదు, పాపం అది ఎక్కడికి పోవాలి? మెష్ (మోడల్ని చిన్న ముక్కలు చేసే వల) మార్చడం, ఇంక్రిమెంట్ తగ్గించడం, స్టెబిలైజేషన్ (సాల్వర్ పడిపోకుండా పెట్టే కృత్రిమ డ్యాంపింగ్) పెట్టేయడం, ఇవన్నీ చేస్తూ రోజులు గడిపేస్తుంటారు. లోడ్ బదులు డిస్‌ప్లేస్‌మెంట్ ఇచ్చి రియాక్షన్ ఫోర్స్ చదువుకుంటే చాలు, డిస్క్ స్ప్రింగ్ హాయిగా చివరిదాకా వెళ్తుంది. అలా కుదరని మోడల్‌కి లోడ్నీ కదలికనీ కలిపి నడిపే రిక్స్ మెథడ్ ఉంది. స్టెబిలైజేషన్ తప్పనిసరైతే పెట్టండి, కానీ ఆ డ్యాంపింగ్ ఎనర్జీని స్ట్రెయిన్ ఎనర్జీతో పోల్చి చూడకుండా రిపోర్ట్ పంపొద్దు, అది చాలా చిన్న భాగంగా లేకపోతే మీరు చూస్తున్నది స్ప్రింగ్ బలం కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టిన ఊతం.

మెటీరియల్ డేటా గురించి ఒక్క మాట. ల్యాబ్ రిపోర్ట్‌లో వచ్చే, మొదటి అడ్డుకోత వైశాల్యంతో భాగించిన ఇంజినీరింగ్ స్ట్రెస్‌ని శాశ్వతంగా సాగడాన్ని చెప్పే ప్లాస్టిసిటీ టేబుల్‌లో అలాగే పేస్ట్ చేయకూడదు, 20 శాతం సాగిన చోట 400 మెగాపాస్కల్స్ ఉంటే, సన్నబడిన వైశాల్యంతో లెక్కేసిన ట్రూ స్ట్రెస్ 480. రబ్బర్ సీల్ అయితే అది ఇంకో పెద్ద కథ, ఒక్క టెన్షన్ టెస్ట్‌తో ఆగ్డెన్ మోడల్ (రబ్బర్ సాగే తీరు చెప్పే ఫార్ములా) ఫిట్ చేసి ఓ-రింగ్ నలిగే చోట నమ్మేయడం నాకైతే భయమే, బైయాక్సియల్ (రెండు దిక్కులా లాగే) టెస్ట్ కూడా అడగండి. ఘనపరిమాణం దాదాపు మారని మెటీరియల్ కోసం ఉన్న హైబ్రిడ్ ఎలిమెంట్ మర్చిపోవద్దు, లేకపోతే రబ్బర్ రాయిలా బిగుసుకుపోతుంది.

లైసెన్స్ లేదు కదా అని ఆగిపోకండి, కాల్‌క్యులిక్స్ అనే సాల్వర్ ఫ్రీ, దాని ఇన్‌పుట్ ఫైల్ అబాకస్‌కి దగ్గరగా ఉంటుంది, దానికి మోడల్ కట్టిపెట్టే ప్రీపోమ్యాక్స్‌తో మామూలు ల్యాప్‌టాప్‌లోనే మొత్తం చేసుకోవచ్చు. యాక్సీసిమెట్రిక్ (అడ్డుకోత ఒక్కటే గీసి చుట్టూ తిప్పినట్టు లెక్కేసే) మోడల్ గీసి, లోపలి అంచు పైనుంచి నొక్కి, బయటి అంచు కింద ఆనించి, హెచ్ 0.4, 1.3, 2 మూడింటికీ రన్ చేసి ఆల్మెన్-లాస్లో కర్వ్ పక్కన పెట్టి చూడండి. కొంచెం తేడా రావాలి, ఎందుకంటే ఆ ఫార్ములాలో క్రాస్ సెక్షన్ వంగదు, తిరుగుతుందంతే. తర్వాత ఫ్రిక్షన్ కలిపితే నొక్కేటప్పటి కర్వ్ పైన, వదిలేటప్పటి కర్వ్ కింద విడిపోతాయి, టెస్ట్ రిగ్ మీద వచ్చేది కూడా అలాంటి కర్వే.