రాబర్ ఫ్లై జాతి తేలాలంటే ఏమేం చూడాలి

రాబర్ ఫ్లై అంటే ఇతర పురుగులను వేటాడి తినే ఈగ. పైనుంచి తీసిన ఒక్క ఫోటో చూపించి ఇది ఏ జాతి రాబర్ ఫ్లైయో చెప్పమంటే చాలాసార్లు కుదరదు. 7,000కు పైగా జాతులున్నాయి, వాటిలో బూడిదరంగు సన్నటి ఒళ్లున్నవి కొల్లలు.

ముందు కుటుంబం రూఢి చేసుకోవాలి. ఎదురుగా చూస్తే రెండు కళ్లూ పైకి లేచి, వాటి మధ్య నడినెత్తి గిన్నెలా గుంటపడి ఉంటుంది. ముఖం మీద బిరుసు వెంట్రుకల మీసం, దాని కిందనుంచి ముందుకు పొడుచుకొచ్చిన గట్టి ముక్కు. ఈ మూడూ ఉంటే రాబర్ ఫ్లైల కుటుంబమైన ఆసిలిడేనే. లాఫ్రియా ప్రజాతిలో కొన్ని అచ్చం బంబుల్‌బీ అనే పెద్ద తేనెటీగలా బొద్దుగా, నూగుగా ఉండి మోసం చేస్తాయి. రెక్కలు చూడండి: బంబుల్‌బీకి రెండు జతలు, దీనికి ఒక్క జతే.

ప్రజాతికి రెక్క ఈనెలు కావాలి. ప్రోమాకస్ ప్రజాతిలో సబ్‌మార్జినల్ గళ్లు (రెక్క ముందంచు దగ్గర ఈనెల మధ్య ఉండే గళ్లు) మూడుంటాయి, దాని దగ్గరి చుట్టాల్లో చాలావాటికి రెండే. ఈగ రెక్కలు మడిచి కూర్చుంటే ఈ గళ్లు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. అందుకే రెక్క విడిగా, ఈనెలు స్పష్టంగా కనబడే ఫోటో ఒకటి ఉండాలి.

జాతి దగ్గరికొచ్చేసరికి చాలావాటికి మగదాని తోకకొనే ఆధారం. పక్కనుంచి, బాగా దగ్గరగా తీయాలి. రంగును మాత్రం నమ్మొద్దు. ఒంటిమీది బూడిదపొడి వయసుతో రాలిపోయి, అదే ఈగ నల్లగా కనిపిస్తుంది.

ఫోటోతోపాటు తేదీ, చోటు, అది దేనిమీద వాలిందో రాసుకోండి. లాఫ్రియాలు పడిపోయిన దుంగల మీద కాపు కాస్తాయి, వాటి పిల్లపురుగులు పెరిగేది పుచ్చుకర్రలోనే. చాలా జాతులవి మట్టిలో పెరుగుతాయి. ఇంగ్లండ్ దక్షిణ భాగంలో, వేల్స్‌లో ఉండే ఆసిలస్ క్రాబ్రోనిఫార్మిస్ అనే జాతిని పొట్ట ముందు సగం నలుపు, వెనక సగం పసుపు చూసి దూరంనుంచే పట్టేయొచ్చు. అది పశువులు మేసే బీళ్లలో, పేడకుప్పల మీద కూర్చుంటుంది. దీని పిల్లపురుగులు పేడపురుగుల పిల్లలను తింటాయని భావిస్తారు. మేత ఆగిపోయినా, పశువులకిచ్చే నులిపురుగుల మందు పేడలోకి దిగి పేడపురుగులను చంపినా దీనికి తిండి ఉండదు.

ఎగిరిపోతే వెంటపడకండి. వేట పట్టుకుని తరచూ అదే కొమ్మకు తిరిగొస్తుంది. వేళ్లతో మాత్రం పట్టుకోవద్దు, ఆ ముక్కుతో పొడిస్తే బాగానే నొప్పి పుడుతుంది.