అమ్మ ఇచ్చిన కిడ్నీ, నైట్రిక్ ఆక్సైడ్

అమ్మ ఇచ్చిన కిడ్నీ నా పొత్తికడుపులో కుదురుకుని, క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం; రక్తంలో అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) 1.2 దగ్గర నిలకడగా ఉన్న కాలంలో, ఒక మామూలు పరీక్షలో అది 2.1కి చేరింది. నొప్పి లేదు, జ్వరం లేదు. సాయంత్రానికి పాదాల మీద చెప్పు పట్టీ గుర్తు లోతుగా పడుతోంది, అంతే. చిత్తూరు నుంచి బయలుదేరి ఆ రాత్రికే తిరుపతిలో ఆసుపత్రిలో చేరాను.

స్కానింగ్‌లో చూస్తూ సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీశారు. నొప్పి తెలియలేదు గానీ, సూది ‘టక్’మన్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఆపైన వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. నేను మూత్రం పోసిన ప్రతిసారీ నర్సు సీసాను లైటు కిందికి ఎత్తి, ఎరుపు ఉందేమోనని చూసేది. టీ కణాల (పరాయిదాని మీద దాడిచేసే తెల్ల రక్తకణాల) వల్ల వచ్చిన అక్యూట్ రిజెక్షన్, అంటే పెట్టిన కిడ్నీని ఒళ్లు ఉన్నట్టుండి తిరస్కరించడం, అని రిపోర్టు వచ్చింది.

నైట్రిక్ ఆక్సైడ్ సంగతి డాక్టరు గారు అప్పుడే చెప్పారు. రక్తనాళాల లోపలి పొర అర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొద్దికొద్దిగా తయారుచేసే ఈ వాయువు వల్లనే నాళాలు వదులై కిడ్నీకి రక్తం సరిగా అందుతుంది. రక్తప్రసరణలో దాని పాత్రను తేల్చినందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే తిరస్కరణ మొదలైతే, కిడ్నీలోకి చేరిన మాక్రోఫేజ్ కణాలు (పరాయివాటిని మింగేసే రక్షణ కణాలు) ఐనాస్ అనే ఎంజైముతో అదే వాయువును విపరీతంగా పుట్టిస్తాయి. అది సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి, కణాలలోని ప్రోటీన్లను పాడుచేస్తుంది. దీర్ఘకాలిక తిరస్కరణకు గురైన మనుషుల కిడ్నీలలో, సూపరాక్సైడ్‌ను అణచాల్సిన మాంగనీస్ డిస్మ్యూటేజ్ ఎంజైమే ఇలా పనికిరాకుండా పోయినట్లు 1996లో గుర్తించారు. కాపలావాడినే ముందు పడగొట్టడమన్నమాట. అలాగని ఈ వాయువును పూర్తిగా ఆపేస్తే నాళాలు బిగుసుకుని, కిడ్నీకి రక్తమే తగ్గుతుంది.

నాకు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను వరుసగా మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించి, తిరస్కరణ రాకుండా వాడే టాక్రోలిమస్ మందు మోతాదు పెంచారు. స్టెరాయిడ్లు టీ కణాలను అణచడమే గాక, ఐనాస్ తయారీని కూడా తగ్గిస్తాయట. నిద్ర పట్టలేదు, షుగర్ పెరిగింది, ఆకలి మాత్రం అర్ధరాత్రి కూడా రాగిసంకటి అడిగేంత! క్రియాటినిన్ మెల్లగా దిగివచ్చి 1.4 దగ్గర ఆగింది.

ఇంటికి వచ్చాక మా బావ, రక్తప్రసరణకు మంచిదని, జిమ్ముకు వెళ్లేవాళ్లు తాగే అర్జినిన్ పొడి డబ్బా తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు. డాక్టరు గారు వద్దన్నారు: లోపలికి వెళ్లిన అర్జినిన్‌ను నాళం పొర వాడుకుంటుందో, మాక్రోఫేజ్ వాడుకుంటుందో మన చేతిలో లేదు. పంపరపనస కూడా మానేయమన్నారు. అది రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది. ఆ మందు స్థాయి చూడాలంటే ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి కాబట్టి, పరీక్ష ఉన్న రోజు మాత్రను జేబులో పెట్టుకుని తిరుపతికి తొలి బస్సు ఎక్కుతున్నాను.