ఇంకో పదేండ్లు సాధన చెయ్యాలె

పోయిన ఆదివారం మా బిడ్డ ముందర నా ఇజ్జత్ మొత్తం పోయింది.

మా దగ్గర ఒక ఆట ఉన్నది. ఒకరు జాజ్ పాట, అంటే అమెరికా నల్లోళ్ల నడుమ పుట్టిన సంగీతం, పెడతరు, వాయించేది ఎవరో చెప్పరు. మిగిలినోళ్లు విని పేరు చెప్పాలె. ఆడేది ముగ్గురమే: నేను, మా బిడ్డ, మా గల్లీలో ఉండే రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ సార్. బిడ్డ హైదరాబాద్‌లో కొలువు చేస్తది. వీలైతే వస్తది, లేకుంటే ఫోన్‌లో పంపుతది. పోయిన వారం వచ్చింది. దుకాణం షటర్ సగం దించి, స్పీకర్‌కు ఫోన్ కలిపి ఒక ముక్క పెట్టింది. పాత రికార్డింగ్, గరగర మస్తు ఉన్నది. ఊది వాయించే ఆల్టో శాక్సోఫోన్. ఆ వాద్యంల దిగ్గజం చార్లీ పార్కర్ బాణీ, కానీ పార్కర్ కాదు. పార్కర్ అయితే వేళ్లకూ ఊపిరికీ నడుమ సందు దొరకదు. ఇతనికి దొరుకుతున్నది. వేళ్లు ముందు పోతున్నయి, ఊపిరి ఎనకాల ఉరుకుతున్నది.

నేను కాలు మీద కాలేసుకోని తీర్పు చెప్పిన. "పార్కర్‌ను చూసి నేర్చుకుంటున్న పిలగాడు. మోజు ఉన్నది గని చెయ్యి తిరగలే. ఇంకో పదేండ్లు సాధన చెయ్యాలె."

"చేసిండు బాపూ," అన్నది. "జాన్ కోల్‌ట్రేన్."

కోల్‌ట్రేన్ అంటే శాక్సోఫోన్‌ల మహా విద్వాంసుడు. 1946 జులై 13న, హవాయిలో అమెరికా నౌకాదళంలో ఉన్నప్పుడు తోటి నావికులతో కూడి వాయించిండట. అప్పటికి ఆయనకు ఇరవై నిండలే. నేను చెప్పిన పదేండ్లు తిరిగేసరికి ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ పక్కన టెనర్ శాక్సోఫోన్ పట్టుకోని నిలబడ్డడు. కోల్‌ట్రేన్‌ను రెండు సెకన్లలో పట్టేస్తనని ముప్పై ఏండ్ల సంది డబ్బా కొట్టుకున్నోణ్ణి నేను. పందెం సర్వపిండి. మా ఆట నియమం ప్రకారం గెలిచినోళ్లకు కరకరలాడే అంచులు, ఓడినోళ్లకు నడిమి మెత్తటి ముక్క. సార్ నా పళ్లెం దిక్కు చూసి నవ్విండు గని, ఆయన గూడ చెప్పలేకపోయిండన్న సంగతి యాది మరిచిండు.

నా సంగతి తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. నాది హనుమకొండల మోటర్ వైండింగ్ దుకాణం. పరకాల, ములుగు, నర్సంపేట దిక్కు నుంచి కాలిన మోటర్లు ఆటోలల్ల వస్తయి. యాసంగి వరికి నీళ్లు కావలసిన టైంకే వోల్టేజీ పడిపోతది, కాయిళ్లు మాడతయి, మాకు గిరాకి పెరుగుతది. రైతు ఏడుపు మా తిండి అయినట్టు అనిపిస్తది గని, ఏం చేస్తం. మోటర్‌కు లైన్ ఇచ్చి, స్క్రూడ్రైవర్ మొన బాడీకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటం. బేరింగ్ పోతే కీచుమంటది. రోటర్ స్టేటర్‌కు తాకితే గీసుకునే చప్పుడొస్తది. ఒక ఫేజు పోయిందంటే మూలుగుతది, తిరగది. నాకు జాజ్ వినుడు వచ్చిందంటే సగం ఆ స్క్రూడ్రైవర్ చలువే. పాట బాగుందా లేదా అన్నది తర్వాత. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నది, ఎట్ల వస్తున్నది అన్నదాని మీదికే ముందు నా చెవి పోతది.

మిగతా సగం మా మేనమామది. కాజీపేట డీజిల్ షెడ్‌లో పని చేసేటోడు. రాత్రి డ్యూటీ లేనప్పుడు రేడియో ముందర కూసోని షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుతుండె. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కనోవర్ అనే ఆయన 1955ల మొదలుపెట్టిన జాజ్ కార్యక్రమం ఒకటి వచ్చేది. ఇంగ్లిష్ అంతగా రానోళ్లకు గూడ అర్థం కావాలని ఆయన పదం పదం విడదీసి, బరువైన గొంతుతోటి నిదానంగ మాట్లాడేటోడు. మా మామకు వచ్చిన ఇంగ్లిష్ అంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. కార్యక్రమం మొదట్ల డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ 'టేక్ ది ఏ ట్రైన్' వచ్చేది. "ఇది మన రైల్వే పాటరా," అనేటోడు మామ. అది న్యూయార్క్‌ల భూమి కింద పోయే రైలు. ఆయనకు రైలంటే రైలే. రైల్వే ఉద్యోగుల కోసం అమెరికావోడు పెట్టిన ప్రోగ్రాం అనుకున్నడు మీ మామ అని మా అత్త ఇప్పటికీ ఎగతాళి చేస్తది.

షార్ట్‌వేవ్‌తో ఒక కష్టం ఉండేది. పాట అలలెక్క వచ్చుకుంట పోయేది. సోలో మంచిగ వేడెక్కే టైంకు సముద్రంల మునిగినట్టు మాయమైతది, మళ్లీ తేలేసరికి ఇంకెవరో వాయిస్తుంటరు. నడిమి ముక్క మనమే ఊహించుకోవాలె. ఎన్నో ఏండ్లకు అవే పాటలు పూర్తిగ దొరికితే, కొన్నిట్ల నేను ఊహించుకున్న ముక్కనే బాగుందనిపించింది. సార్ ముందర ఈ మాట అంటే ఊకుంటడా, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఇప్పుడు మోటర్ మెకానిక్‌గ నాకు అన్నిట్లకన్న ఇష్టమైన సంగతి చెప్తా. మా చిన్నబావది జగిత్యాల. ఆ ఊర్ల అందరి లెక్కనే దుబాయ్ పోయిండు. 1986ల వచ్చినప్పుడు ఒక టూ ఇన్ వన్, దాంతోపాటు గదిల ఉండే ఫిలిప్పీన్స్ దోస్తు కాపీ చేసిచ్చిన క్యాసెట్ తెచ్చిండు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఆ క్యాసెట్‌ను ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు. టూ ఇన్ వన్ బెల్టు సాగిపోయింది, అయినా వినుడు ఆపలే. 1998ల హైదరాబాద్ పోయి అదే ఆల్బం సీడీ కొన్న. పెట్టి విన్న. 'సో వాట్' నాకు తెలిసిన తీరుగనే ఉన్నది. రెండో వైపు పాట 'ఆల్ బ్లూస్' దగ్గరికి వచ్చేసరికి మాత్రం శ్రుతి పైకి పోయినట్టున్నది. సీడీ ఖరాబు అనుకున్న.

అసలు సంగతి బిడ్డ చదివి చెప్పింది. ఆ ఆల్బం 1959ల న్యూయార్క్‌ల, ఒకప్పుడు చర్చిగ ఉన్న కొలంబియా స్టూడియోలో రెండు రోజులల్ల రికార్డయింది: మార్చి 2, ఏప్రిల్ 22. మొదటి రోజు టేపు మిషన్ కొంచెం నెమ్మదిగ తిరిగింది. నెమ్మదిగ ఎక్కించిన టేపును సరైన వేగంల తిప్పితే పాట తొందరగ పోతది, శ్రుతి పైకి లేస్తది. దాంతోటి మొదటి వైపున్న మూడు పాటలు ముప్పై ఏండ్లకు పైగ తప్పు శ్రుతిలోనే అమ్ముడుపోయినయి. పక్కన ఇంకో మిషన్ సరిగ్గ తిరిగింది గనుక, ఆ టేపు పట్టుకోని 1992ల సరిచేసిన్రు. మరి నా సంగతి? నా టూ ఇన్ వన్ బెల్టు సాగి నెమ్మదిగ తిరుగుతుండె గద. న్యూయార్క్‌ల జరిగిన తప్పు హనుమకొండల బెల్టు తోటి దాదాపు సరిపోయింది. మొదటి వైపు సరిగ్గనే విన్న, రెండో వైపే పన్నెండేండ్లు తప్పు శ్రుతిలో విన్న. ఇప్పటికీ 'ఆల్ బ్లూస్' మొదలైతే లోపల ఎక్కడనో చిన్నగ కలుక్కుమంటది.

ఇగ ఆట సంగతి. ఇది మేం కనిపెట్టింది కాదు. లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1940లల్లనే పెద్ద పెద్ద విద్వాంసులకు పేర్లు చెప్పకుండ రికార్డులు వినిపించి అభిప్రాయం అడిగేటోడు. కండ్లకు గంతల పరీక్ష అని పేరు. మా నియమాలు తక్కువ. పాట ఒక్కసారే పెట్టాలె. బిల్లుబుక్కు ఎనక పేజీ మీద పేరు రాసి మడిచిపెట్టాలె. రాసినంక దిద్దుడు లేదు. తప్పు చెప్పినా ఎందుకట్ల అనిపించిందో మంచిగ చెప్పితే సగం మార్కు.

ఆ సగం మార్కే నాకు గిట్టుబాటు. టెనర్ శాక్సోఫోన్ వాయించే బెన్ వెబ్‌స్టర్‌ను నేను స్వరం తోటి పట్టను. స్వరం ఆగినంక గూడ గాలి చప్పుడు మిగులుతది చూడండి, దాంతోటి పడతా. ఇంకో టెనర్ ఆయన డెక్స్‌టర్ గార్డన్ ఎప్పుడూ తాళానికి ఒక అడుగు ఎనక నడుస్తడు. బండి కదిలినంక ప్లాట్‌ఫాం మీద నింపాదిగ నడిచొచ్చి ఎక్కేటోని లెక్క. మనకు పానం ఆగమాగమైతది, ఆయన మాత్రం ఎన్నడూ బండి తప్పిపోడు. గిటార్ వెస్ మాంట్‌గొమెరీ పిక్కుతోటి కాదు, బొటనవేలితోటి మీటుతడు, అందుకే తీగ అంత మెత్తగ పలుకుతది. ఆయన పగలు ఫ్యాక్టరీలో పని చేసి రాత్రుళ్లు వాయించినోడని తెలిసిన కాన్నుంచి ఆయన మీద నాకు ఇంకొంచెం ఎక్కువ అభిమానం.

సార్‌కు ఒక గర్వం ఉండేది. వాయించేటోడు నల్లోడా తెల్లోడా అన్నది విని చెప్పొచ్చంటడు. బిడ్డ ఊకోలే. రాయ్ ఎల్డ్రిడ్జ్ అనే ట్రంపెట్ దిగ్గజం 1951ల ఇదే మాట మీద ఫెదర్‌తోటి పందెం కాసిండని, ఓడిపోయిండని చెప్పింది. అంత పెద్ద విద్వాంసుడే పోల్చలేకపోయిండు, మీరెంత సార్ అన్నట్టు. సార్ ఒక వారం ఆటకు రాలే.

రికార్డుల మీది పేర్లు గూడ నమ్మొద్దు. 1953ల టొరంటోల మాసీ హాల్‌లో జరిగిన కచేరీ రికార్డు మీద ఆల్టో వాయించినోడి పేరు 'చార్లీ చాన్' అని ఉంటది. అది చార్లీ పార్కరే. వేరే కంపెనీతోటి ఒప్పందం ఉండబట్టి అసలు పేరు వెయ్యలే. పైగ ఆ రోజు ఆయన వాయించింది ప్లాస్టిక్ శాక్సోఫోన్. పేరు మార్చినా, ఇత్తడి తీసి ప్లాస్టిక్ ఇచ్చినా దాగలే ఆయన. ఆ రికార్డు పెట్టి సార్‌ను పరీక్ష చేస్తే నాలుగు సెకన్లల్ల రాసి మడిచిండు. ఆయన్ను నేను ఎప్పుడూ తీసిపారెయ్య, చెవి గల మనిషే.

అన్నిట్లకన్న మంచి జవాబు మాత్రం మా ముగ్గురిలో ఎవ్వరిదీ కాదు. ఒక ఎండాకాలం పెండ్లిళ్ల బ్యాండ్‌ల క్లారినెట్ వాయించే ముసలాయన టేబుల్ ఫ్యాన్ రిపేరుకు తెచ్చిండు. అప్పుడు సిడ్నీ బెషే 'సమ్మర్‌టైమ్' నడుస్తున్నది, 1939ల రికార్డు. ఆయన బీడీ ఆర్పి కూసున్నడు. పాట అయిపోయేదాక మాట్లాడలే.

"ఇది క్లారినెట్ కాదు గద?" అన్నడు.

"కాదు పెద్దాయనా, సొప్రానో శాక్సోఫోన్. చూడనీకి క్లారినెట్ లెక్కనే నిలువుగ ఉంటది."

"ఇత్తడి. గట్లనే అనుకున్న. ఈయన బజార్ల వాయించినోడు. హాల్ల వాయించేటోడు స్వరాన్ని గింత ఊపడు. డప్పులు, పటాకుల నడుమ మన స్వరం వినపడాల్నంటే గిట్లనే ఊపాలె."

బెషేది న్యూ ఆర్లీన్స్. పెండ్లికీ చావుకూ బ్యాండు మేళం వీధిల నడిచే ఊరు. ఆ ఊరి పేరు ఈ పెద్దాయన ఎన్నడూ విని ఉండడు. ఫ్యాన్ రిపేరుకు పైసలు తీసుకోలే. మావోడు, దుకాణంల పని నేర్చుకునే పిలగాడు, ఆ రోజు సంది తానూ చెవి పెట్టుడు మొదలుపెట్టిండు. మొన్న డ్రమ్ములు వాయించే ఆర్ట్ బ్లేకీ బ్యాండ్ 'మోనిన్' పెడితే, "అన్నా, ఇది ఒగ్గు కథ లెక్కనే ఉన్నది, పియానో ఆయన కథ చెప్తుండు, మిగతావోళ్లు వంత పాడుతున్నరు," అన్నడు. ఒగ్గు డోలు ఊర్లెనే పుట్టి పెరిగినోడు, తప్పు ఎట్ల చెప్తడు?

కచేరీలు నేను చూసింది మూడే. మూడూ హైదరాబాద్‌లనే. రెండు చెప్పుకునేటట్టు లేవు. ఒకటి మాత్రం మరువను. యూరప్ నుంచి వచ్చిన నలుగురు: పియానో, బాస్, డ్రమ్ములు, టెనర్. చిన్న హాలు. నేను, బిడ్డ మూడో వరుసలో. మొదటి పాట నుంచే స్పీకర్లల్ల 'హుం...' అని మోత. నాకు ఎంటనే అర్థమైంది, ఎర్తింగ్ సరిగ్గ లేదు. మన కరెంటు సెకనుకు యాభై సైకిల్స్ గద, ఆ మోత గూడ అదే స్థాయిల వస్తది. బాస్ మీది కింది జీ స్వరం దాదాపు నలభై తొమ్మిది. అంటే అంత దగ్గర, కానీ కలవదు. బాస్ ఆయన ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండూ కొట్లాడుకుంటున్నయి.

మూడో పాట అయినంక నిర్వాహకులు వైర్లు పీకుడు పెట్టుడు చేస్తున్నరు. బాస్ ఆయన స్పీకర్ దిక్కు చూసి నవ్వి, విల్లు తీసుకున్నడు. తీగ మీద వేలు ఇసుమంత జరిపి ఆ మోతతోటి కలిపిండు. ఒక్కసారి కొట్లాట ఆగింది. మోత శ్రుతిపెట్టె అయింది. టెనర్ ఆయన లేచి, పెదవి బిగించి, తనూ అదే శ్రుతికి ఎక్కి ఆలాపన లెక్క మొదలుపెట్టిండు. పియానో ఆయన మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకోని కూసున్నడు. పాపం, పియానో మెట్టు ఇసుమంత గూడ వంగదు గద. మూడు నాలుగు నిమిషాలు నడిచింది. ఎర్త్ వైరు ఎక్కడ వదులైందో నాకు కూసున్న కాడికే కనబడుతున్నది. బిడ్డ నా మోచేయి పొడిచి, "పోయి చెప్పు బాపూ," అన్నది. నేను లేవలే.

దానికి రికార్డింగ్ లేదు. ఉంటే నా పని అల్కగయ్యేది, ఈ ఆదివారం సార్ ముందర పెట్టేటోణ్ణి. ఈ వారం వంతు నాదే. ఒక పాట దొరకబట్టిన. పేరు ఇక్కడ రాస్తే బిడ్డ చదువుతది. సర్వపిండి అంచులు నాకే.