నెల్లూరులో ఒక స్వతంత్ర చిత్రాల సాయంత్రం: నిర్వహణలో నా అనుభవం

నెల్లూరు ప్రేక్షకులకు నాటక పోటీలు, సాహిత్య సభలు కొత్త కాదు. పెద్ద సినిమా విడుదలైతే తొలి ఆటకే హాలు నిండిపోయే ఊరు ఇది. అయితే ఏ నిర్మాణ సంస్థ అండా లేకుండా, సొంత డబ్బుతో, స్నేహితుల సాయంతో తీసిన చిత్రాలను నలుగురూ ఒకచోట కూర్చుని తెర మీద చూసే అవకాశం ఇక్కడ అరుదుగానే దొరుకుతుంది. మిత్రులు కొందరు చిత్రోత్సవం తలపెట్టి, అందులో ఒక సాయంత్రం బాధ్యతను నాకు అప్పగించినప్పుడు, నాలుగు లఘు చిత్రాలు, వాటి తరువాత ఒక పూర్తి నిడివి చిత్రం చూపాలని నిర్ణయించుకున్నాను. ఇటువంటి పనికి పూనుకునే వారికి ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఎంపికలో మొదట తేల్చుకోవలసినది నిడివి. ఆస్కార్ పురస్కారాలిచ్చే అకాడమీ పేర్ల పట్టికతో కలిపి 40 నిమిషాలకు మించని దానినే లఘు చిత్రంగా పరిగణిస్తుంది. మేము అంతకన్నా చాలా తక్కువ పరిమితి పెట్టుకున్నాము, ఎందుకంటే కావలి, ఆత్మకూరు వైపు వెళ్లవలసిన వారికి చివరి బస్సు దాటిపోకూడదు. వచ్చిన వాటిలో ఉదయగిరి చెక్క గరిటెల పనివారి మీద తీసిన చిత్రం నన్ను పట్టి నిలిపింది. ఒక వృద్ధుడు నర్ది కర్రను మోకాళ్ల మధ్య బిగించుకుని, ఫోర్కు పళ్లను ఒక్కొక్కటిగా చీలుస్తూ, మధ్యలో ఊది పొట్టును ఎగరగొట్టే దృశ్యాన్ని కెమెరా కదలకుండా చూపుతుంది. ఆ పొట్టు వెలుతురులో పైకి లేవడం పెద్ద తెర మీద చూడవలసిన విషయమేనని నాకు అప్పుడే అనిపించింది. అందులో నేపథ్యంగా ఒక పాత సినిమా పాట వాడారు. ఆ పాటకు హక్కులు లేకుండా బహిరంగంగా ప్రదర్శించడం తగదని వివరిస్తే, దర్శకుడు పాటను తీసివేసి ఉలి చప్పుడునే ఉంచాడు. చిత్రానికి అది మేలే చేసింది.

అందరూ తేలికగా తీసుకునేది సెన్సారు వ్యవహారం. యూట్యూబులో పెట్టాము కదా, ఇంకా సర్టిఫికెట్ ఎందుకని చాలామంది యువ దర్శకులు అడుగుతారు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. నిడివి చిన్నదైనంత మాత్రాన ఆ నియమం తప్పదు. చిత్రోత్సవాలకు మాత్రం కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇవ్వవచ్చు. అందుకు ఉత్సవం వ్యాపార ప్రయోజనంతో కూడినది కాకూడదు, చిత్రాలను ముందుగా ఒక కమిటీ చూసి సిఫారసు చేయాలి, ముందే పేరు నమోదు చేసుకున్న ప్రతినిధులకే వాటిని చూపాలి. మా పూర్తి నిడివి చిత్రానికి సర్టిఫికెట్ ఉంది. లఘు చిత్రాలకు కథాసారాంశాలు జతపరచి మినహాయింపు కోరాము. టికెట్లు పెట్టకుండా, పేర్లు నమోదు చేసుకునే పద్ధతి పెట్టడానికి కారణం ఇదే. ఈ కాగితాల పనిని నేను విసుగుతో చేయలేదు. మన నెల్లూరులో 1919లో పుట్టిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి కన్నడంలో తీసిన ‘సంస్కార’కు మద్రాసు సెన్సారు బోర్డు మొదట అనుమతి నిరాకరించింది. ఆ నిషేధం తొలగి 1970లో విడుదలైన ఆ చిత్రమే జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుంది. ఆయన పుట్టిన ఊరిలో స్వతంత్ర చిత్రాలు చూపేటప్పుడు అనుమతి పత్రం సక్రమంగా ఉండాలన్న పట్టుదల నాకు కలిగింది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టించినవి ఉపశీర్షికలు. మేము ఎంచుకున్న పూర్తి నిడివి చిత్రం కన్నడంలో ఉంది, దానికి ఇంగ్లీషు ఉపశీర్షికలే ఉన్నాయి. సభలో కూర్చునే గృహిణులు, పనివారు, పెద్దలు హాయిగా చదువుకోవాలంటే తెలుగు కావాలి. దర్శకురాలి అంగీకారంతో సంభాషణలను తెలుగులో రాసుకున్నాము. ఒకసారికి రెండు వరుసలు మించకుండా, పాత్ర మాట ముగిసేసరికి చదవడమూ ముగిసేలా, ప్రతి వాక్యాన్నీ కుదించవలసి వచ్చింది. తెలుగు మాటలు తెర మీద ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి, ముఖంలోనే తెలిసిపోయే భావానికి మాట అక్కరలేదని కొన్నిచోట్ల వదిలివేశాము. తీరా కంప్యూటరులో వేసి చూస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. ‘అమ్మ’ అన్నది ‘అమ్‌మ’గా కనిపించింది. తెలుగు అక్షరాలను కూర్చడం ఆ ప్లేయరుకు చేతకాదు. చివరికి ఒత్తులు సరిగా పలికే మరొక సాఫ్ట్‌వేరులో ఉపశీర్షికలను బొమ్మ మీదనే శాశ్వతంగా ముద్రించి కొత్త ఫైలు తయారు చేశాము. దీనికి సమయం పడుతుంది, కానీ ప్రదర్శన వేళ ఏ యంత్రంలో వేసినా అక్షరం చెదరదు.

హాలుగా ఒక కళాశాల సమావేశ మందిరం దొరికింది. అటువంటి గదులను ఉపన్యాసాల కోసం కడతారు. గోడలు నున్నగా ఉండి మాట మారుమోగుతుంది. పక్క గోడలకు మందపాటి తెరలు కట్టించాము, కిటికీలకు నల్ల గుడ్డ కొట్టించాము. లఘు చిత్రాలలో ఒక్కొక్క దాని ధ్వని ఒక్కొక్క స్థాయిలో ఉండడంతో, ఒక దానిలో గుసగుస వినబడక, తరువాతి దానిలో తలుపు చప్పుడుకే ఉలిక్కిపడే పరిస్థితి వచ్చింది. ప్రతి చిత్రానికీ మిక్సరు మీద గుర్తు పెట్టి రాసుకుని, ప్రదర్శన యంత్రంతోనే మొత్తం వరుసను ఒకసారి నడిపించి చూశాము. మనుషులు నిండితే ధ్వని కొంత పీల్చుకుపోతుంది కాబట్టి, ఖాళీ గదిలో సరిపోయిన దానికన్నా కాస్త పెంచి ఉంచాము.

వరుస విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బాగా నవ్వించే చిత్రాన్ని మొదట పెడితే ప్రేక్షకులు తరువాత నెమ్మదిగా సాగే చిత్రానికి ఓపిక చూపరు. కాబట్టి ఉదయగిరి చిత్రాన్నే మొదట వేశాము. మాటలు లేని ఆ నిమిషాలలో సభ సర్దుకుంది. హాస్య చిత్రం మూడవది. లఘు చిత్రాలు అయిపోగానే దర్శకులతో మాటామంతీ పెట్టాము, అన్నిటికీ కలిపి చివరన పెడితే సగం మంది వెళ్లిపోతారు కనుక. కోవూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, “అబ్బాయ్, ఆ ముసిలాయన ఉలి పక్కన పెట్టి బయటికి చూస్తా ఉండాడే, ఎవురూ మాట్లాడకుండా అంతసేపు ఎందుకు చూపించినావు?” అని అడిగాడు. “ఆయన నిజంగానే అంతసేపు చూశాడు పెద్దాయనా, నాకు కొయ్యబుద్ధి కాలేదు” అన్నాడు దర్శకుడు. పెద్దాయన ఒప్పుకోలేదు, ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఆ వాదన కోసమే ఈ సాయంత్రం ఏర్పాటు చేశానని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

కన్నడ చిత్రం ఆడుతున్నప్పుడు నేను వెనుక వరుసలో నిలబడి తెరకన్నా ప్రేక్షకులనే ఎక్కువగా చూశాను. కింది వరుస చదివి వెంటనే ముఖం వైపు చూపు ఎత్తుతున్నారు, అంటే ఉపశీర్షికలు వేగంగా పోవడం లేదు. ఉత్సవం ముగిసిన తరువాత సభికులు అడిగిన ప్రశ్నలను, వారు నవ్విన చోట్లను రాసి ప్రతి దర్శకుడికీ పంపాను, మా దగ్గరున్న చిత్రాల ఫైళ్లను తుడిచివేశాను. తెలుగు ఉపశీర్షికల ఫైలును మాత్రం కన్నడ చిత్ర దర్శకురాలికి అప్పగించాను. వేరే తెలుగు ఊళ్లలో చూపేటప్పుడు ఆమె దానిని వాడుకోవచ్చు.