45వ స్థానం ఎంత ఎత్తో సోలంగ్‌లో తెలిసింది

2022 ఫిబ్రవరిలో ఒడిశాలోని మా రాయగడలో పెద్ద తరగతులకి బడులు మళ్లీ తెరిచారు. నేను అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. కరోనా సెలవుల్లో పిల్లలకి ఒళ్లు బిగుసుకుపోయింది. కసరత్తు చేయించే ముందు కాస్త హుషారు వస్తుందని బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభ వేడుక వీడియో నా ఫోన్లో చూపించాను. మన జెండా పట్టుకుని ఆరిఫ్ ఖాన్ నడుస్తున్నాడు, కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారే ఆటగాడు.

"మన టీమ్ ఏది మేడమ్?" అంది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి.

"ఆటగాడు ఆయనొక్కడే" అన్నాను.

పిల్లలు నవ్వారు. వాళ్ల తప్పేం లేదు, మంచు ఎలా ఉంటుందో వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు. కానీ ఆట చెప్పే టీచర్నై ఉండి, ఆయన ఆడే ఆట గురించి రెండు మాటలు చెప్పలేకపోయానని చాలా బాధేసింది. ఆ నెల 13న స్కీ పందెం జెయింట్ స్లాలమ్‌లో ఆయన 45వ స్థానంలో వచ్చాడు. 16న స్లాలమ్ అనే ఇంకో పందెం పూర్తి చేయలేకపోయాడు. "నలభై అయిదా!" అన్నారు పిల్లలు. ఆ రోజే అనుకున్నాను, వచ్చే చలికాలం వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవాలని.

మనాలిలో ఉన్న అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ చలికాలంలో బేసిక్ స్కీయింగ్ కోర్సు నడుపుతుంది. రెండు వారాలు. అనుభవం అక్కర్లేదు, ఆరోగ్యం ఉండాలి. నాకు చిక్కు వచ్చింది ఆరోగ్యం దగ్గర కాదు, పేరు దగ్గర. పదో తరగతి నేను పార్వతీపురంలో చదివాను. ఆ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, వరలక్ష్మి తర్వాత. రాయగడలో తీయించిన ఆధార్లో ఇంటిపేరు చివరికి పోయింది, ఒడియా పలుకుబడిలో 'వ' కాస్తా 'బ' అయి నేను బరలక్ష్మి అయ్యాను. సరిహద్దులో బతికే మా తెలుగువాళ్లలో చాలామందికి ఈ తిప్పలు తెలుసు. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను, ఈ ఇద్దరూ ఒకరేనని. దానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. మీరెవరైనా ఇలాంటి కోర్సుకి వెళ్లాలనుకుంటే మొదట పేర్లు సరిచూసుకోండి, మెడికల్ ఫారం తర్వాత సంగతి.

స్కూల్లో జీతం లేని సెలవు ఇచ్చారు. అమ్మ మాత్రం "మంచులో జారడానికి అంత దూరం పోవాలేటమ్మా?" అంది. పేపర్ మిల్లులో పనిచేసి రిటైరైన నాన్న మధ్యలో కల్పించుకుని "ఎల్లనీవే, పిల్లలకి చెప్పాలంటే దానికి తెలియొద్దా" అన్నాడు. అమ్మ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి బొట్టు తెచ్చి పెట్టింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్నుంచి రాత్రి బస్సులో మనాలి. ప్రయాణంలో చెప్పేదేం లేదు, కాళ్లు వాచాయి అంతే.

మనాలి దగ్గరి సోలంగ్ లోయలో మొదటిరోజు స్కీ బూటు తొడిగారు. చీలమండ కదలదు. మోకాలు ముందుకు వంచి కాలి ముందు ఎముకతో బూటు నాలుకని నొక్కి నిలబడాలి. ఆ బూటు, స్కీ మీద దాన్ని పట్టి ఉంచే బిగింపులో టక్కుమని పడగానే కాలు నా సొంతం కాదనిపించింది. కొత్తవాళ్లు నేర్చుకునే మా చిన్న వాలుకి లిఫ్టు లేదు. స్కీలు కట్టుకునే పక్కపక్కగా, మెట్లెక్కినట్టు ఎక్కాలి. అరగంట ఎక్కితే అర నిమిషంలో దిగుతాం, అదీ పడకపోతే. మొదటి మూడు రోజులూ నేను దిగింది తక్కువ, లేచింది ఎక్కువ. లేవడానికీ ఒక పద్ధతుంది. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి. లేకపోతే లేస్తూనే మళ్లీ జారిపోతాం.

నాలుగో రోజు మా ఇన్‌స్ట్రక్టర్ సర్ పక్కన నిలబడి చూశారు. స్కీ కొనలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి ఆగడం అప్పటికి వచ్చింది. తిరగడమే రావడం లేదు. ఆయన హిందీలో చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది: భయం వేసినప్పుడు ఒళ్లు కొండ వైపు వాలుతుంది, అందుకే పడుతున్నావు, బరువు లోయ వైపు కాలి మీద వెయ్యి. కిందికి చూస్తూ, కింది కాలి మీదే బరువు పెట్టాలి. ఒళ్లంతా వద్దంటుంటే చెయ్యాలి. ఆ సాయంత్రం ఒక్క మలుపు వచ్చింది, ఎడమకి. మంచు మీద స్కీ గీసిన చప్పుడు విన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి గదిలో ఆరిఫ్ రేసు మళ్లీ చూశాను. జెయింట్ స్లాలమ్ అంటే వాలులో కర్రలు పాతి పెట్టిన గేట్లన్నీ వరసగా దాటుతూ రెండుసార్లు దిగాలి, రెండు టైములూ కలుపుతారు. ఒక్క గేటు తప్పితే ఇంటికే. ఆ రోజు రేసు జరిగిన యాన్‌చింగ్‌లో మంచు కురుస్తోంది, దారి సరిగ్గా కనపడదు. బరిలో దిగినవాళ్లలో దాదాపు సగం మంది చివరిదాకా రాలేకపోయారు. ఆరిఫ్ వచ్చాడు. కాశ్మీర్లో గుల్‌మార్గ్ దగ్గర వాళ్ల నాన్నది స్కీ సామాన్ల దుకాణం, నాలుగేళ్ల వయసు నుంచి మంచు మీదే ఉన్నాడు. డబ్బు కూడక 2018 ఒలింపిక్స్ అర్హత చేజారింది. బీజింగ్ కోసం పెళ్లి వాయిదా వేసుకున్నాడు. ఒకే ఒలింపిక్స్‌లో రెండు ఈవెంట్లకి అర్హత తెచ్చుకున్న మొదటి భారతీయుడు ఆయనే. నాకు ఒక్క మలుపుకి నాలుగు రోజులు పట్టింది. ఇక 45 చిన్న అంకెలా కనిపించలేదు.

మనాలికి ఎదురుగా, బియాస్ అవతల వశిష్ఠ్ ఊరుంది. శివ కేశవన్ ఊరు. సెలవు రోజున నడిచి వెళ్లాను. స్లెడ్‌కి చక్రాలు కట్టుకుని ఈ ఘాట్ రోడ్ల మీదే ప్రాక్టీసు చేసి, 1998 నాగానో నుంచి 2018 ప్యాంగ్‌చాంగ్ దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో లూజ్, అంటే స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని మంచు దారిలో జారే ఆట, ఆడిన మనిషి. 2014 సోచిలో మన ఒలింపిక్ సంఘం మీద నిషేధం ఉండటంతో ఆయనతో కలిపి మనవాళ్లు ముగ్గురు ఒలింపిక్ జెండా కింద వెళ్లాల్సి వచ్చింది. ఆటలు జరుగుతుండగానే నిషేధం ఎత్తేశాక మన జెండా ఎగిరింది. ఆ రోడ్డు మలుపులో లారీ ఒకటి హారన్ కొడుతూ పోతుంటే, ఇక్కడ పడుకుని జారాడా ఈయన అని నాకు ఒళ్లు జలదరించింది.

చివరి పరీక్షలో ఆరు కర్రలు పాతారు. ఐదు దాటాను, ఆరోదాని దగ్గర పడి, లేచి, దాటాను. బి గ్రేడ్ వచ్చింది. సర్టిఫికెట్ మీద బరలక్ష్మి అనే ఉంది.

వెనక్కొచ్చాక ఆరిఫ్ రేసు వీడియో పిల్లలకి చూపించాను, ప్రతి మలుపు దగ్గరా ఆపుతూ. ఈసారి ఎవరూ నవ్వలేదు. స్కూల్ వెనక గ్రావెల్ దిబ్బ మీద ఒక్కొక్కరినీ నిలబెట్టి, మోకాలు వంచించి, బరువు కింది కాలికి మార్చడం నేర్పించాను. టీమ్ ఏదని అడిగిన ఆ పిల్లకి బాగా వచ్చింది.

ఇప్పుడు తను విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. 2026 మిలాన్-కోర్టినా ఆటలకి ఆరిఫ్‌తో పాటు మంచు మీద దూరపు పరుగులాంటి క్రాస్ కంట్రీ స్కీయర్ స్టాంజిన్ లుండుప్ కూడా వెళ్తున్నాడని తెలిసిన రోజు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది: "మేడమ్, ఈసారి ఇద్దరు. రేసులు ఎన్నింటికో కనుక్కోండి, కలిసి చూద్దాం."