రాడార్ డిటెక్టర్ కొనేముందు: బరంపురం హైవేలో ఏది కూస్తుంది, ఏది కూయదు

ఇచ్ఛాపురం దాటి గిరిసోలా దగ్గర ఒడిశాలోకి అడుగుపెడితే ఎన్‌హెచ్-16 నాలుగు వరసలతో బరంపురం వైపు సాగిపోతుంది. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువెక్కే రోడ్డు. రాడార్ డిటెక్టర్ అంటే పోలీసులు వేగం కొలిచే యంత్రాల తరంగాలను పసిగట్టి బీప్ కొట్టే చిన్న పెట్టె. ఏ డిటెక్టర్ మంచిదని ఆరా తీసేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అవతల పోలీసుల చేతిలో ఉన్నది అసలు రాడారేనా?

మన హైవేల మీద ఇంటర్‌సెప్టర్ బండ్లలో, అంటే వేగం పట్టే పోలీసు వాహనాల్లో, ఎక్కువగా ఉండేది లేజర్ గన్. అది 905 నానోమీటర్ల దగ్గర, కంటికి కనబడని కిరణాన్ని వదులుతుంది. 300 మీటర్ల దూరం వచ్చేసరికి కూడా ఆ కిరణం వెడల్పు దాదాపు మీటరే. దాన్ని మీ నంబరు ప్లేటుకో హెడ్‌లైటుకో గురిపెడతారు. అద్దం పైన వేలాడుతున్న డిటెక్టర్‌కు అది తగలకపోవచ్చు కూడా. తగిలి బీప్ కొట్టినా, వేగం లెక్క తేలడానికి అర సెకను చాలు. మీరు బ్రేకు మీద కాలు పెట్టేలోపు అంకె గన్ తెర మీద పడిపోతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టన్నమాట. గన్ మీ ముందున్న బండి మీదికి గురిపెట్టినప్పుడు చెదిరిన కాంతి కాస్త తగిలితే మాత్రం ముందే తెలుస్తుంది. అది అదృష్టం.

రెండు చోట్ల నంబరు ప్లేటును ఫొటో తీసి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించే కెమెరాల దగ్గర డిటెక్టర్ పూర్తిగా మూగ. 10 కిలోమీటర్లు 5 నిమిషాల్లో దాటితే సగటు 120. ఇందులో రాడార్ తరంగమే లేదు, పట్టుకునేదేమిటి?

ఇక మిగిలింది నిజమైన రాడార్. స్తంభాల మీది కొన్ని స్పీడ్ కెమెరాలు, "మీ వేగం ఇంత" అని చూపే బోర్డులు 24 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే కె-బ్యాండ్‌లో పనిచేస్తాయి. రాడార్ గన్ కిరణం సుమారు 12 డిగ్రీల కోణంలో విప్పారుతుంది. 300 మీటర్ల దగ్గర అది 60 మీటర్ల పైచిలుకు వెడల్పు. తిన్నటి రోడ్డు మీద మంచి డిటెక్టర్ దీన్ని చాలా ముందుగానే పసిగడుతుంది. తప్తపాణి ఘాట్‌లాంటి మలుపుల రోడ్డులో కొండ అడ్డొచ్చి ఆ దూరం బాగా తగ్గిపోతుంది.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది కె-బ్యాండ్ పట్టు, దొంగ అలారాలను, అంటే గన్ లేకుండానే కూసే కూతలను, వడకట్టే శక్తి. "16 బ్యాండ్లు, 360 డిగ్రీలు" అని డబ్బా మీద రాసున్న చవక సరుకు జోలికి పోవద్దు. స్పీడ్ గన్‌లు వాడే రాడార్ బ్యాండ్లు ప్రధానంగా మూడే: ఎక్స్, కె, కెఎ. అమెరికా మోడళ్లు గొప్పగా చెప్పుకునే కెఎ-బ్యాండ్ (33.4 నుంచి 36 గిగాహెర్ట్జ్) వల్ల మనకు పెద్దగా ఒరిగేదేం లేదు. సెట్టింగుల్లో ఎక్స్, కెఎ రెండూ ఆపేస్తే యంత్రం కె-బ్యాండ్‌నే మాటిమాటికీ వెతుకుతుంది.

దొంగ అలారం ఎక్కడిది? ఆసుపత్రులు, పెద్ద షాపుల్లో వాటంతటవే తెరుచుకునే తలుపుల సెన్సర్లు చాలావరకు ఇదే 24 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి. పక్క కారులో, అద్దాల్లో కనబడని బండిని పసిగట్టే బ్లైండ్ స్పాట్ సెన్సర్ కూడా అంతే. అందుకే జీపీఎస్ ఉండి, రోజూ కూసే చోటును గుర్తుపెట్టుకుని తర్వాత నోరుమూసుకునే మోడలే తీసుకోండి. ఈ సౌకర్యం లేని డిటెక్టర్‌ను బరంపురం ఊళ్లో నాలుగు రోజులు వాడితే చిరాకెత్తి మీరే తీసి డిక్కీలో పడేస్తారు. టోల్ గేటు దగ్గర కూస్తే మాత్రం ఫాస్టాగ్‌ను అనుమానించకండి, దాని రీడర్ పనిచేసేది 865–867 మెగాహెర్ట్జ్‌లో.

ఆ తలుపులే ఉచిత పరీక్ష కూడా. కొన్న రోజునే అలాంటి షాపు ముందు నెమ్మదిగా పోనివ్వండి. కె అని చూపకపోతే వాపసు గడువు దాటకముందే తిరిగిచ్చేయండి. టీవీ రిమోట్‌తో లేజర్ పరీక్ష చేసే వీడియోలను నమ్మొద్దు. రిమోట్ కాంతి వేరు, దాని పల్సు వేరు.

బిగించేటప్పుడు ముందు అద్దం పైభాగంలోని రంగు పట్టీ వెనక పెట్టొద్దు. వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దమైతే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. వైపర్లు ఊడ్చే చోట, రోడ్డుకు సమాంతరంగా, ఎదురుగా అడ్డం లేకుండా ఉండాలి.

కరెంటు సిగరెట్ సాకెట్ నుంచి తీసుకుంటే గొడవే లేదు. ఫ్యూజ్ ట్యాప్‌తో, అంటే కారు ఫ్యూజ్ పెట్టెలోంచి అదనపు వైరు తీసే ముక్కతో, లాగితే 2 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి, తాళం తిప్పితేనే కరెంటొచ్చే సర్క్యూట్‌కే కలపాలి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజును ముట్టుకోవద్దు. మెకానిక్ టెస్టర్ పెట్టి చూడకుండా ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు కలిపేస్తే, 0.3 ఆంపియర్లు లాగే డిటెక్టర్ మూడు రోజుల్లో 21 ఆంపియర్-అవర్లు తినేస్తుంది. చిన్న కారు బ్యాటరీ 35. ఊరికెళ్లి వచ్చేసరికి బండి స్టార్టవదు.

గన్‌ను గందరగోళపరచడానికి ఎదురు సిగ్నల్ పంపే జామర్ వేరే వస్తువు. ప్రభుత్వ అనుమతి లేకుండా రేడియో జామర్ వాడటం నేరం.

ఈ రోడ్డు మీదే తిరిగేవాళ్లు పదివేలు దాటి ఖర్చు పెట్టడం దండగనే మా లెక్క. ఫోన్ మ్యాప్‌లో వేగం చూపించడం ఆన్ చేసుకోండి. మీటరు 100 చూపితే జీపీఎస్ 94, 95 చూపడం మామూలే, మీటర్లను కాస్త ఎక్కువ చూపేలానే తయారుచేస్తారు. కేంద్రం 2018లో పెట్టిన పరిమితి ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద కారుకు 100. రాష్ట్రాలు తగ్గించవచ్చు కనుక బోర్డులో ఉన్నదే లెక్క. దాటితే సెక్షన్ 183 కింద కారుకు 1000 నుంచి 2000 రూపాయల దాకా జరిమానా. చలాన్ మెసేజ్ ఆర్‌సీలో ఉన్న ఫోన్ నంబరుకే వస్తుంది. ఆంధ్రా రిజిస్ట్రేషన్‌తో ఒడిశాలో తిరిగే బండ్లలో ఆ నంబరు పాతదై ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి.