టైటస్ తోరణం, 1:50 నమూనా: కప్పు నాలుగోసారీ చెడింది

అచ్చు లోపలి నుంచి పైపును బయటికి లాగుతుండగా ‘టిక్’మని చిన్న శబ్దం వినిపించింది. వెలుతురుకు పట్టి చూస్తే, కప్పు నడినెత్తిన ఈ కొస నుంచి ఆ కొసకు వెంట్రుకవాసి బీట ఉంది. రోమ్‌లోని టైటస్ తోరణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం నడిమి దారి మీద అర్ధవృత్తంగా వంగిన ఈ కప్పే కాబట్టి, నాలుగో ప్రయత్నం కూడా ఇలా ముగియడం నిజంగానే బాధ కలిగించింది.

మిగిలిన పనుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు దిమ్మలూ నిలువుగా కుదిరాయి. దారికి ఇరువైపులా ఉన్న అసలు అర్ధస్తంభాలకు నిలువు గాడులు, చివర 19వ శతాబ్దపు మరమ్మతులో చేర్చిన స్తంభాలకు నున్నటి ఒళ్లు అనుకున్నట్టే వచ్చాయి. టామియా వారి డెక్ టాన్ రంగును పలుచగా పూస్తే ట్రావర్టీన్ రాయి ఛాయ ఇంత బాగా వస్తుందని నేను ఊహించలేదు.

అసలు తోరణం ఎత్తు 15.4 మీటర్లు, వెడల్పు 13.5, మందం 4.75; నడిమి దారి వెడల్పు 5.36 మీటర్లు. అంటే నా నమూనాలో కప్పు లోపలి వ్యాసార్థం 53.6 మిల్లీమీటర్లు, అర్ధవృత్తపు పొడవు 168 మిల్లీమీటర్లు, లోతు 95. ఈ కప్పు నిండా గుంట గళ్లు ఉంటాయి. నడినెత్తిన ఉన్న చిన్న ఫలకంలో గద్ద వీపు మీద ఆకాశానికి వెళుతున్న టైటస్ ఉంటాడు. క్రీ.శ. 70లో జెరూసలేంను పట్టుకున్న ఈ చక్రవర్తి 81లో మరణించాక, తమ్ముడు డొమిషియన్ ఈ తోరణాన్ని నిలిపాడు. కొలోసియం వైపు శాసనం టైటస్‌ను ‘దివ్య’ అనే అర్థం గల ‘దివో’ అన్న మాటతోనే పేర్కొంటుంది. లోపలి గోడల మీది విజయయాత్రను అందరూ చూస్తారు కానీ, ఆ మాటకు బొమ్మ తల ఎత్తితేనే కనిపిస్తుంది. నమూనాలో దాన్ని ఎవరూ చూడరు గదా అని మిత్రులు అంటున్నా నేను నున్నటి కాగితం అంటించి ఊరుకోలేకపోవడానికి కారణం అదే.

ఇక వైఫల్యాల లెక్క. నా నమూనాలో అర్ధవృత్తం చుట్టూ 12 వరుసల గళ్లు పెట్టుకున్నాను. గడి 11 మిల్లీమీటర్లు, గళ్ల మధ్య గట్టు 3, వెరసి 14. మొదటిసారి చదునైన సిలికాన్ అచ్చులో ప్లాస్టర్ పోసి, అది జున్నులా ఉన్నప్పుడు వంచబోయాను. ప్రతి గట్టు దగ్గరా విరిగింది. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

రెండోసారి ప్లాస్టర్‌కు బదులు అచ్చునే వంచాను. 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపుకు 0.6 మిల్లీమీటర్ల మందం వచ్చేలా చార్టు కాగితం చుట్టి, దాని మీద 8 మిల్లీమీటర్ల మందపు అచ్చును కప్పితే, వ్యాసార్థం సరిగ్గా 53.6 అయింది. ఆ లెక్క చూసుకుని మురిసిపోయిన నేను, వంచిన వస్తువు పైముఖం సాగుతుందన్న సంగతి మరచిపోయాను. సాగకుండా, కుదించుకుపోకుండా ఉండేది మందం మధ్యలోని పొర. దాని వ్యాసార్థం 49.6 మాత్రమే. 168 మిల్లీమీటర్ల అచ్చు ఆ పొర మీద 180 డిగ్రీలకు బదులు 194 డిగ్రీల పైగా తిరిగింది, పైముఖం దాదాపు 182కు సాగింది, రెండు అంచులూ గోడల్లోకి చెరో 7 మిల్లీమీటర్లు దిగాయి.

మూడోసారి మాస్టర్ (అచ్చు తీయడానికి చేసుకున్న మూల ముక్క) పొడవును 156కు తగ్గించి, గళ్లనూ గట్లనూ ఒకే పాళ్లలో కుదించాను. కొస కొసకు సరిపోయింది కానీ, చూపుకు ఏదో తేడాగా ఉంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే గడి 10.4, గట్టు 3.6 వచ్చాయి. అచ్చులో గడి స్థానంలో ఉండేది బలిసిన సిలికాన్ దిమ్మె. అది దాదాపు సాగదు. సాగుదలలో ఎక్కువ భాగం దిమ్మెల మధ్యనున్న సన్నని కాలువల మీదే పడుతుంది. దాంతో చుట్టువైపు గట్లు మాత్రమే లావెక్కి, కప్పు జల్లెడలా కాక నిచ్చెనలా కనిపించింది.

నాలుగోసారి ఆ తేడాను ముందే సరిచేసి, మాస్టర్‌లో చుట్టువైపు గడిని 10.8, గట్టును 2.2 చేశాను. కొలతలు చక్కగా కుదిరాయి. పాడు చేసినవి మరో రెండు. పైపును నిలబెట్టి పోసినందువల్ల ప్రతి దిమ్మె అడుగున గాలి చిక్కింది. 31 చోట్ల గట్ల మీద ఆవగింజంత గుంటలు తేలాయి. రెండోది ఆ బీట. బలవంతంగా వంచిన సిలికాన్ తిరిగి చదును కావాలని చూస్తుంది. పైపు ఉన్నంతసేపూ అది అణిగి ఉండి, పైపు తీయగానే అంచులను బయటికి నెట్టి ఉంటుందని నా ఊహ. ప్లాస్టర్ నొక్కుడును ఓర్చుకుంటుంది కానీ లాగుడును ఓర్చుకోదు కాబట్టి నడినెత్తిన తెగింది. తొందరపడి 40 నిమిషాలకే పైపు తీయడం కూడా నా తప్పే కావచ్చు.

పదార్థం గురించి ఒక మాట. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పీవోపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఇంత సన్నని పని చేయబోకూడదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పళ్ల డాక్టర్లు వాడే డెంటల్ స్టోన్ 100 గ్రాములకు 30 మిల్లీలీటర్ల నీళ్లతోనే కలుస్తుంది, ఎండాక గోటికి గీత పడదు. త్వరగా గట్టిపడుతోందనిపిస్తే నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే కాస్త వ్యవధి దొరుకుతుంది. త్రీడీ ప్రింటు తీయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. వంపు మీద మెట్లు మెట్లుగా కనిపించే ఆ పొరలను గళ్ల లోపల అరగదీయడం కంటే పగిలిన ప్లాస్టర్‌ను ఊడ్చుకోవడమే నాకు నయం.

ఇంతా జరిగాక, చదునుగా చేసి వంచాలనుకోవడమే మొదటి నుంచీ తప్పని తోచింది. రోమన్లు కమాను కట్టేటప్పుడు కొయ్య సెంట్రింగ్ నిలిపి, పైన వెడల్పుగా కింద సన్నగా చెక్కిన రాళ్లను రెండు వైపుల నుంచి పేర్చుకుంటూ వచ్చి నడినెత్తిన బిగించేవారు. నేనూ అలాగే ఒక్కో వరుసను ఒక్కో పట్టీగా పోస్తాను: ఒక్కొక్కటి 15 డిగ్రీలు, మందం 8, లోపలి వెడల్పు 14, బయటి వెడల్పు 16.1 మిల్లీమీటర్లు. 12 సరి సంఖ్య కావడం వల్ల అతుకు సరిగ్గా గద్ద మీద పడుతుంది. అందుకే నడిమి రెండు వరుసలనూ కలిపి 30 డిగ్రీల ఒకే ముక్కగా చేస్తాను. సెంట్రింగ్‌కు సన్‌బోర్డు (తేలికపాటి నురుగు అట్ట) అర్ధచంద్రాలు రెండు కోసి పెట్టాను. పట్టీ అచ్చు చదునుగానే ఉంటుంది కాబట్టి సాగుదల గొడవ లేదు, గాలిని కుంచెతో తరిమేయవచ్చు.

ఇది నిలిస్తే తరువాత లోపలి ఫలకాల పని. మధ్యయుగంలో ఫ్రాంజిపానీ కుటుంబం ఈ తోరణాన్ని కోట బురుజుగా మార్చినప్పుడు దూలాల కోసం తొలిచిన రంధ్రాలు ఆ ఫలకాల మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిని తప్పకుండా పెడతాను. జెరూసలేం ఆలయపు ఏడు కొమ్మల దీపస్తంభం మీద 2012లో పసుపుపచ్చ రంగు ఆనవాళ్లు బయటపడ్డాయి. దానికి రంగు వేయాలా, నేటి తెల్లరాయిగానే ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. డబ్బాలో 400 గ్రాముల సిలికాన్ మిగిలింది; పట్టీ అచ్చుకూ గద్ద ముక్కకూ అది చాలుతుంది. వచ్చే ఆదివారం ముందు మామూలు పట్టీ పోస్తాను.